కొసరుగా వచ్చిన బావి

ఇంకా కట్టని విమానాశ్రయాన్ని నమ్ముకుని, కట్టి ఉన్న అంగడిని రాసిచ్చిన మనిషిని పుంగనూరు బజారు మొత్తానికి నేనొక్కదాన్నే. సిగ్గుపడుతూ చెప్పడం లేదు, గొప్పగానే చెబుతున్నాను. కుప్పం అవతల రెండెకరాల మెట్ట చేను కొన్నాను. రైతు చెప్పిన ధరలో నాలుగో వంతు కోసేశాను. కోసింది చాలక కొసరు అడిగాను. కొసరుగా ఏకంగా బావే వచ్చింది. చేను కొని బావిని కొసరు తెచ్చుకున్న ఆడది మదనపల్లె నుంచి కుప్పం దాకా ఇంకొకతె ఉంటే చూపించండి, పసుపు కుంకుమ ఇచ్చి పీట వేసి కూర్చోబెడతాను. ఆ తర్వాత ఇద్దరం పక్కపక్కనే కూర్చుని ఏడుస్తాం.

నేను పుట్టి పెరిగింది మదనపల్లెలో, చిల్లర అంగడి వెనక గదిలో. పప్పు తూచి పొట్లం కట్టబోయే ముందు మా నాన్న చెయ్యి మళ్ళీ ఒకసారి బస్తాలోకి పోయి, నాలుగు గింజలు తెచ్చి పైన వేసేది. ఆ నాలుగు గింజలే కొసరు. తూకం వాళ్ళ డబ్బుకు, కొసరు మన మొహానికి అనేవాడు. మేం కొనడానికి పోయినప్పుడు మాత్రం పద్ధతి తిరగబడేది. కొసరు అడగకుండా సరుకు తెస్తే ఆ రోజంతా ఇంట్లో ఎగతాళే. "బేరం తెలీనిదాన్ని కన్నానని బజారంతా అనుకోవాల్నా ఏమ్మే?" అనేవాడు. పదేళ్ళు వచ్చేసరికి కరివేపాకు కొన్నా కొసరే, గాజులు వేయించుకున్నా కొసరే. నా పెళ్ళి కుదిరినప్పుడు మా నాన్న పుంగనూరు వాళ్ళతో, "పిల్లోడు సరే, కొసరుగా ఏమిస్తారు?" అన్నాడట, నవ్వులాటకు. "ఒక ఆడబిడ్డ ఉండాది, తీసుకోండి" అన్నారట వాళ్ళు.

ఆ ఆడబిడ్డ మా ఆయన అక్క, నాకు వదిన. కట్టుకున్నవాడు వదిలేసి పోతే పుట్టింటికి వచ్చింది. తండ్రి పోయిన తర్వాత అంగడి మూతపడకుండా నిలబెట్టింది ఆమే. మా ఆయన మంచివాడు, అంటే మాట్లాడడు. అంగట్లో మాట్లాడనివాడు మూటలు మోయడానికే పనికొస్తాడు. కనుక బేరం పని నాకు, కొలత పని వదినకు, మోత ఆయనకు అన్నట్టు సంసారం నడిచింది.

అది తాళ్ళ అంగడి. ఆవులకు పలుపులు, ఎద్దులకు ముకుతాళ్ళు, బావులకు చేంతాళ్ళు, మెడగంటలు, చాటలు. గోడకు మీటరు కొలబద్ద వేలాడుతుండేది కానీ దాని జోలికి ఎవరూ పోరు. "అక్క మూరతో కొలిపించమ్మా" అనేవాళ్ళు కొనేవాళ్ళు. వదిన చెయ్యి పొడుగు. మోచేతి నుంచి నడిమి వేలు దాకా తాడు చుట్టుకుంటూ, పెదవులు కదలకుండా లెక్కపెట్టేది. చివరి మూర అయిపోయాక చెయ్యి ఆగేది కాదు, ఇంకో జానెడు లాగి, అక్కడ కోసేది. ఆ జానెడు కోసం పలమనేరు నుంచి కూడా వచ్చేవాళ్ళున్నారు. నేను చూసి పళ్ళు కొరికేదాన్ని. అడిగితే ఇవ్వాలి గానీ అడగకుండానే ఇస్తే దాన్ని కొసరంటారా?

అంగడికి ఎదురుగా బస్టాండు. నా వ్యాపార జ్ఞానమంతా ఆ బస్టాండు పెట్టిన భిక్ష. బస్సు సమయానికి వస్తే మాకు బేరం లేదు. ఆలస్యమైతే జనం ఈ పక్కకు వస్తారు, ఊరికే చూస్తారు, చూస్తూ చూస్తూ గంట ఒకటి కొంటారు. మనిషి ఎక్కడ కాచుకోవాల్సి వస్తుందో అక్కడ అంగడి బతుకుతుందని ఇరవై ఏళ్ళు కళ్ళారా చూశాను. ఆ ఒక్క ముక్కే నన్ను ముంచింది.

ట్రాక్టర్లు పెరిగి, ఎద్దులు తగ్గి, తాళ్ళ బేరం పలచబడుతున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం జీపు దిగిన ఇద్దరు నైలాన్ తాడు కావాలన్నారు. ఉన్నదంతా.

"ఎన్ని ఎనుములప్పా మీకు?" అంది వదిన, తాడంటే గేదెలకే అనుకుని.

"ఎనుములకు కాదక్కా. కుప్పం పక్కన ఏరోడ్రం వస్తాండాది. గుంజలు పాతి తాడు లాగల్ల."

"అది ఎప్పుడో వస్తాదని చెప్పి నిలిపేసిన్యారు గదప్పా?"

"మళ్ళా వస్తాండాదక్కా."

నేను ధర రెండింతలు చెప్పాను. వాళ్ళలో ఒకాయన జేబులోంచి డబ్బు తీసి ఇచ్చేశాడు. బేరమాడకుండా తాడు కొన్న మనిషిని నా జన్మలో చూడలేదు. ఆ మాట ఊళ్ళలో ఎన్నేళ్ళుగానో లేస్తూ పడుతూ ఉందని, కొన్నాళ్ళు నిజమై కొన్నాళ్ళు అబద్ధమవుతోందని అందరికీ తెలుసు. ఈసారి నిజమని నేను నమ్మింది మాత్రం ఆ ఒక్క గుర్తుతోనే. బేరమాడటం లేదంటే వెనక పెద్ద డబ్బు ఉన్నట్టే కదా.

ఆ రోజు నుంచి నా కంటికి నిద్ర లేదు. విమానాశ్రయమంటే ఏమిటి? పెద్ద బస్టాండు. బస్సుకైతే పది నిమిషాలు ముందు వస్తారు, విమానానికి రెండు గంటలు ముందు వస్తారట. రెండు గంటలు! మా బస్టాండులో ఎవరైనా రెండు గంటలు కూర్చుంటే నేను వాళ్ళకు ఎద్దు లేకపోయినా ముకుతాడు అమ్మగలను. దాని గేటు ముందు నాలుగు గదుల లాడ్జి, కింద టిఫిన్ హోటలు, పక్కన చిన్న అంగడి. వదిన గల్లాపెట్టె దగ్గర. నేను బేరాల దగ్గర.

డబ్బు ఒక్కటే లేదు. పక్కన ప్లాస్టిక్ బిందెలు అమ్మే ఆయన మా అంగడి మీద ఎప్పటి నుంచో కన్నేసి ఉన్నాడు. ఆయనకు రాసిచ్చేటట్టు, మూడు ఉగాదుల లోపల డబ్బు తిరిగి కడితే ఆయన మళ్ళీ మాకే రాసిచ్చేటట్టు మాట కుదిరింది. ఆ గడువు కూడా నేనే బేరమాడి రెండు నుంచి మూడుకు లాగాను. అంతవరకు అంగడి మేమే నడుపుకుంటాం, ఆయనకు బాడుగ కడతాం. అంగట్లో సగం వదినది, కాబట్టి ఆమె సంతకం కావాలి.

"గాల్లో తిరిగే బస్టాండనుకో వదినా" అన్నాను.

"బస్సు రాకపోతే జనం అంగట్లోకి వస్తారు. విమానం రాకపోతే యాడికి పోతారు అమ్మీ?"

"మన గేటు ముందరికే."

ఆమె కాసేపు తాడు కొస విప్పుతూ, పేనుతూ కూర్చుంది. "లెక్క తెలిసినదానివి నువ్వు. నాకు మూర తప్ప ఏం తెల్దు. సంతకం పెడతా. ఒకటే మాట. మూడో ఉగాది నాడు నేను ఈడనే కూసోనుండాల. ఇంగ యాడికీ పోలేను నేను. ఒకసారి పొయ్యొచ్చినా, సాలు."

నేను నవ్వాను. "ఈడ కాకపోతే యాడ కూర్చుంటావు వదినా?" అన్నాను. ఆమె పెట్టిన సంతకం నాకిప్పటికీ కనబడుతుంది. పేరు చివర అక్షరం కాగితం గీత దాటి, జానెడు కాకపోయినా, అంత బయటికి పోయింది.

చేను అమ్మిన రైతు శాంతిపురం పక్క పెద్దాయన. ఆయన భూమి ఉత్తరాన మిట్ట, బండి దారి పక్కనే. దక్షిణాన పల్లం, అక్కడొక బావి, మోటారు. ముందు మిట్టకే బేరం కుదిరింది. గేటు ఆ దారి వైపే వస్తుందని నా లెక్క. పొద్దున మొదలుపెట్టి ఎండ నెత్తికెక్కేదాకా ఆడి, చెప్పిన ధరకు నాలుగో వంతు తగ్గించాను. ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకుని, "సరేమ్మా, అయిపోయింది, లెయ్" అన్నాడు.

"ఎట్లయితాది నాయనా? కొసరు?"

"చేనుకు కొసరేందిమ్మా? చెనక్కాయలా?"

"ఆ బావి ఇయ్యి."

ఆయన పెద్దగా నవ్వాడు. లోపలి నుంచి ఆయన భార్య కూడా నవ్వింది. "బాయి ఈ మూల, మిట్ట ఆ మూల. బాయిని ఎత్తుకోని పోయి మిట్ట మీద పెట్టుకుంటావా?"

"హోటలు పెట్టాలంటే నీళ్ళు వద్దా నాయనా?"

ఆయన ఆలోచించాడు. "బాయి మీద అంత మనసుంటే ఒక పని చెయ్యి. అదే ధర, అదే రెండెకరాలు. మిట్ట కాడినుంచి కొలవొద్దు, బాయి కాడినుంచి కొలుసుకో. మిట్ట నాకే ఉండనీ. మా నాయన్ని ఆడనే మట్టిలో పెట్టినాము, ఎట్లాగూ నాకు ఇచ్చేదానికి మనసు లేదు."

మా ఆయన నోరు తెరిచాడు. "దారి పక్కన మిట్టే మేలేమో..."

"గమ్మునుండు" అన్నాను.

బావి, మోటారు, ఊటనీళ్ళు, అంతా ఉత్తపుణ్యానికి. మిట్ట పోతే ఏం, నా చేను దానికి ఆనుకునే కదా ఉంది. రిజిస్ట్రారు ఆఫీసు బయట దస్తావేజు రాసే ఆయన నాలుగు హద్దులూ చదివి వినిపించాడు. ఉత్తరం అమ్మినవారి మిట్ట, దక్షిణం వంక, తూర్పు, పడమర ఎవరెవరివో. ఉత్తరం దగ్గర నేను తల ఊపాను. అంత గట్టిగా తల ఊపడం నా పెళ్ళిలో కూడా జరగలేదు.

ఏడాది తిరిగాక విమానాశ్రయం హద్దుగా సున్నం పూసిన రాళ్ళు పాతారు. వెళ్ళి చూస్తే పెద్దాయన మిట్ట మొత్తం రాళ్ళ లోపల, నా చేను మొత్తం రాళ్ళ బయట. సరిగ్గా నా గట్టు మీదుగా హద్దు పోయింది. నేను బావి గట్టు మీద కూర్చుని మొక్కుకున్నాను. గోడకు ఆనుకుని, బయట. అచ్చం నేను కోరుకున్నట్టే. ఊరికి పోతూ పోతూ కుప్పంలో అరకిలో మైసూర్‌పాక్ తీసుకున్నాను, కొసరుతో సహా.

లాడ్జికి అనుమతి అడగడానికి పోతే, ఆ పనులు చూసే అధికారి నా కాగితాలు చూసి, గోడ మీద పటం చూసి, మళ్ళీ నా మొహం చూశాడు. కుర్రవాడే, చిరాకు లేదు. తెల్ల కాగితం మీద పొడుగ్గా ఒక గీత గీశాడు.

"ఇది రన్‌వే అమ్మా. మీ చేను ఈడ, కొసన."

"గేటు?"

గీతకు అవతలి పక్క చుక్క పెట్టాడు. "చుట్టు తిరిగి రావాల. చాలా దూరం."

"దారి ఈ పక్క గదా ఉండాది?"

"దారిని చూసి వెయ్యరమ్మా, గాలిని చూసి వేస్తారు. విమానం గాలికి ఎదురు దిగల్ల, ఎదురు లేయల్ల. ఈడ గాలి ఎట్ల తోలుతాదో అట్లనే గీత." తర్వాత గీత కొస నుంచి రెండు ఏటవాలు గీతలు గీశాడు, విప్పుకుంటూ. "విమానం ఇట్ల దిగుతాది. గరాటు మాదిరి. ఈ గరాటు కింద మిద్దెలు లెయ్యకూడదు, పెద్ద చెట్లు ఉండకూడదు. లాడ్జి కుదరదు. హోటలు కూడా వద్దు, ఎంగిలాకులకు పక్షులొస్తాయి. పక్షి తగిలితే విమానానికి చేటు." ఆఖరికి కొంచెం మొహమాటంగా, "ఆ బాయి మీద వల కప్పుకుంటే మంచిదమ్మా, నీళ్ళకు కూడా దిగుతాయి" అన్నాడు.

గరాటుతో నూనె పోసి పెరిగినదాన్ని. గరాటు కింద ఉండేది సీసా. నా సీసాలో పడింది మాత్రం ఏమీ లేదు. బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాను. గాలి తోలుతోంది. బేరానికి దిగేముందు మనిషి మొహం చూస్తాను, చేతులు చూస్తాను, చెప్పులు చూస్తాను. గాలి ఏ పక్క నుంచి తోలుతోందో చూడాలని ఏ అంగట్లో నేర్పుతారు?

అయినా నా బుద్ధి ఊరుకోదు. దూరమైనా సరే, అసలు విమానాశ్రయం ఎట్లా బతుకుతుందో చూసి, గేటు దగ్గర బాడుగకైనా ఒక బంకు పెట్టుకోవచ్చు కదా అని, మా ఆయన్ను వెంటబెట్టుకుని బస్సులు మారి, నడుస్తున్న ఒక విమానాశ్రయం దగ్గరికి పోయాను. మరీ పెద్దది కాదు, మరీ చిన్నదీ కాదు. కంచె పక్కన వేపచెట్టు కింద టీ బంకు. ముసలాయన. గేటు లేని రోజుల నుంచీ ఉన్నాడట.

"మొదట్లో గడ్డి ఉండేది. ఒకే ఒక విమానం, రెక్కల కాడ ఫ్యాను తిరిగేది, వారానికి కొన్ని దినాలు. అది వచ్చే ముందు మనిషి పోయి ఆవుల్ని తోలేవాడు" అన్నాడు. ఆ తర్వాత విమానం దిగే పట్టీని పొడుగు చేశారు, అద్దాల బిల్డింగు కట్టారు, రాత్రి దిగడానికి లైట్లు వేశారు. ఇప్పుడు రోజుకు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని వస్తాయి, పోతాయి.

కంచె సందుల్లోంచి చూస్తూ పొద్దుపోయేదాకా కూర్చున్నాం. చాలాసేపు ఏమీ జరగదు. కొయ్యకు కట్టిన చారల గుడ్డ సంచి గాలికి ఉబ్బి, చూపుడు వేలులా గాలి ఎటు పోతోందో చూపిస్తుంటుంది. దాన్ని చూస్తే నాకు ఒళ్ళు మండింది. ఎర్ర బండి ఒకటి ఆ కొస నుంచి ఈ కొస దాకా పోయి వస్తుంది. ఒకడు నడుచుకుంటూ పోయి టపాకాయ పేల్చి కొంగల్ని లేపుతాడు. ఉన్నట్టుండి అందరూ ఒక్కసారి కదులుతారు, విమానం దిగుతుంది, ముప్పావు గంటలో లేస్తుంది, మళ్ళీ అంతా నిద్రలోకి పోతుంది. పల్లెటూరి సంత లాంటిదే, గంటసేపు సంత.

నేను చూడాల్సింది విమానాన్ని కాదు, గేటును. కార్లు వచ్చాయి. ఒక్కటీ ఆగలేదు. అద్దాలు ఎత్తుకుని నేరుగా లోపలికి. లోపలికి పోయినవాడు మళ్ళీ బయటికి రాలేడట, తుపాకీ పట్టుకున్న జవాను టిక్కెట్టు చూసి ఒక్కసారే పంపుతాడట. కాచుకునే రెండు గంటలూ అద్దాల వెనకే. నేను ఇరవై ఏళ్ళు నమ్మిన కాచుకోవడం నిజమే, కాకపోతే గోడకు అవతలి పక్క.

"నీకు బేరం ఎవురిస్తారప్పా మరి?" అన్నాను.

"డ్రైవర్లు, గడ్డి కోసే ఆడోళ్ళు, ఆ జవాన్లు" అన్నాడు ముసలాయన. "విమానమెక్కే వాళ్ళలో ఇన్నేండ్లకు ఒకే ఒకాయన నా టీ తాగినాడు. ఆయనకు విమానం తప్పిపోయింది."

మా ఆయన నవ్వాడు. అంగడి రాసిచ్చినప్పటి నుంచి ఆయన నవ్వింది అదొక్కసారే. నేను తాగిన టీకి కొసరు అడగలేదు.

అప్పటికి రెండో ఉగాది దాటింది. ఇక ఒకటే దారి కనబడింది. లోపలికి పోయిన చేలకు పరిహారం వస్తోంది. ఆ రేటు నేను కొన్న ధరకు చాలా పైన. నా రెండెకరాలు కూడా తీసేసుకుంటే అంగడి విడిపించుకోవచ్చు. తీసుకోరెందుకు? గట్టు అవతల తీసుకున్నవాళ్ళకు గట్టు ఇవతల ఎక్కువా? అర్జీ రాయించుకుని పోయాను.

ఆఫీసు ముందు షామియానా వేసుకుని, భూములు ఇచ్చేది లేదని రైతులు కూర్చుని ఉన్నారు. నా కాగితంలో ఏముందో వాళ్ళకు ఎట్లా తెలిసిందో, ఒకామె లేచి కొంగు బిగించింది.

"ఏమ్మా, మా నేల మాకు కావాల్నని మేం ఈడ ఎండలో కూసోనుంటే, నువ్వు పోయి నాది తీసుకోండప్పా అని కాళ్ళు పట్టుకుంటాండావంటనే?"

"నాది ఎవురూ తీసుకోలేదక్కా."

"అయితే రా, నా పక్కన కూసో. నీది తీసుకోలేదని నువ్వు ఏడు, నాది తీసుకున్యారని నేను ఏడుస్తా. సూసేవాళ్ళకు ఏం తెలుస్తాది?"

షామియానా అంతా నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వుతూనే లోపలికి పోయాను. అదే కుర్ర అధికారి. అర్జీ చదివి, మడిచి, చేతికిచ్చాడు.

"కావాల్సినంత కొలిచేసినాము తల్లీ. గవర్నమెంటు కొసరు తీసుకోదు."

ఆయన వెక్కిరించడానికి అనలేదు. మా బజారు మాట ఆయన నోట్లోకి అట్లా వచ్చిందంతే. కానీ నేను ఆ కుర్చీలోనే లెక్క వేసుకున్నాను. కొసరు అడక్కుండా ఉంటే మిట్ట నాది. మిట్ట నాదైతే అది ఈ పాటికి రాళ్ళ లోపల. వదిన అంగట్లో. మొత్తం ఒక చేంతాడు పొడుగు తేడా కూడా లేదు.

ఆ తర్వాత చేసిన పని చెప్పడానికి నోరు రావడం లేదు గానీ, సగం చెప్పి సగం దాచడం తూకంలో రాయి పెట్టడమే. పెద్దాయన దగ్గరికి పోయాను. కొలిచేటప్పుడు పొరపాటు జరిగిందని, నాకమ్మింది నిజానికి మిట్టేనని, హద్దులు తారుమారుగా రాశారని ఆయన ఒక కాగితం మీద వేలిముద్ర వేస్తే, పరిహారం నాకు వస్తుందని ఎవరో చెప్పారు. ఆయనకు సగం ఇస్తానని చెప్పుకోవాలనుకున్నాను. సగం నుంచి మొదలుపెట్టి మూడో వంతుకు దించవచ్చని దారిలో లెక్క కూడా వేసుకున్నాను. బుద్ధి అట్లాంటిది.

ఆయన మిట్ట మీదే ఉన్నాడు, తండ్రి సమాధి దగ్గర. అక్కడి రాళ్ళు ఒక్కొక్కటే తీసి బండిలో పెడుతున్నాడు, వేరే చోట కట్టడానికి. నేను చెప్పిందంతా విన్నాడు.

"నువ్వు తీసుకోండంటే తీసుకోరు. నేను వద్దంటే తీసుకుంటాండారు" అన్నాడు. "ఆ పొద్దు బాయి ఇయ్యమన్నావు, ఇచ్చినా. ఈ పొద్దు మిట్ట ఇయ్యమంటాండావు. ఇది కూడా కొసరేనామ్మా?"

ఆయన చేతిలో రాయి ఉంది, చేతులు దుమ్ము. నేను పక్కకు చూస్తే మా ఆయన అప్పటికే బండి వెనక నిలబడి, ఆయనకు రాయి అందుకుంటున్నాడు.

ఆ సమాధి రాళ్ళన్నీ ఎక్కించేదాకా మా ఆయన అక్కడే ఉన్నాడు. చివరి రాయి పెట్టి చేతులు దులుపుకుని, "పోదాం పా" అన్నాడు నాతో. మా పెళ్ళయిన తర్వాత ఆయన చెప్పగా నేను విన్న మొదటి మాట అది.

మూడో ఉగాది వచ్చింది. బిందెల ఆయన గొడవ చేయలేదు. పొద్దున్నే ఇంటికి పచ్చడి పంపించి, పదింటికి వచ్చి, "ఏం చేద్దామమ్మా?" అన్నాడు. ఇంకో ఏడాది గడువు అడిగాను. ఆయన తల అడ్డంగా తిప్పాడు. ఆరు నెలలు అడిగాను. మళ్ళీ తిప్పాడు. వినాయక చవితి దాకా, ఆషాఢం దాకా, చివరికి నెలాఖరు దాకా అని దిగాను. "అమ్మా, నువ్వు దించినావు గాబట్టి చెప్తా, ఆ పొద్దు నేను రెండు ఉగాదులే అన్నా. ఒకటి కొసరు ఇచ్చేసినా గదా" అన్నాడు. వదిన లేచి బొడ్లోంచి తాళంచెవి తీసి ఆయన చేతిలో పెట్టింది. నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బేరమాడేదాన్ని.

ఆయన చెడ్డవాడు కాదు. తాళ్ళ సరుకు కూడా ఉంచుకున్నాడు. వదిన మూర కోసం వచ్చేవాళ్ళున్నారని తెలిసి, నెల జీతానికి ఆమెను అక్కడే పెట్టుకున్నాడు. కాబట్టి మూడో ఉగాది నాడు వదిన అక్కడే కూర్చుంది. మాట తప్పలేదని చెప్పుకోవడానికి నాకది పనికొస్తుందేమోనని చాలా రోజులు తిప్పి తిప్పి చూశాను. పనికిరాలేదు. ఇదివరకు గల్లాపెట్టె పక్కన కూర్చునేది, ఇప్పుడు గడప దగ్గర.

నా చేను నాకుంది. విమానం ఇంకా రాలేదు. మోటారు కరెంటు పెద్దాయన పేరు మీద ఉండేది. మిట్ట పోవడంతో ఆ కనెక్షనూ తీసేశారు. కొసరుగా వచ్చిన బావికి ఇప్పుడు గిలక, బొక్కెన. ఎత్తు పెరగని పైరే వేయాలి కాబట్టి కనకాంబరాలు నాటాను. వాటికి తోడి పోయడానికి చేంతాడు కావాలి. పుంగనూరులో తాళ్ళ అంగడి ఒకటే మంచిది.

గడప దగ్గర వదిన. లోపల బిల్లు కొట్టే మిషను.

"ఎన్ని మూరలు?" అంది.

"ఇరవై."

కొబ్బరి తాడు తీసి కొలవడం మొదలుపెట్టింది. పెదవులు కదల్లేదు. నేను లెక్కపెట్టుకుంటూనే ఉన్నాను, అలవాటు. ఇరవై అయింది. ఆమె చెయ్యి ఆగలేదు, ఎప్పటిలాగే ఇంకో జానెడు ముందుకు పోయింది. పోయి, ఆగింది. వెనక్కి వచ్చింది. ఇరవయ్యో మూర దగ్గర కత్తి పెట్టింది.

"కొసరు ఇచ్చేదానికి లేదు అమ్మీ. అంగడి మనది కాదు గదా."

"వద్దులే వదినా."

"బాయి లోతు సరిపోతాదా మరి?"

"సరిపోతాది."

సరిపోదు. ఒక జానెడు తక్కువ పడుతుందని ఇద్దరికీ తెలుసు, ఆ జానెడు కలుపుకునే ఇరవై అన్నాను.

మిషను కాగితం కక్కింది. కొబ్బరి తాడు, ఇరవై మూరలు, మూర పన్నెండు చొప్పున రెండు వందల నలభై. తగ్గింపు అని ఒక గడి ఉంది, అందులో సున్న. నేను రెండు వందల నలభై రూపాయలు ఇచ్చి, రసీదు తీసుకున్నాను. లెక్క సరిగ్గానే ఉంది.